నాలుగింటికి ఖాళీగా కనబడ్డ గది

"మీ మాటలన్నీ తడి తడిగా ఉన్నాయండీ," అంది ఫోన్లో ఒక ఆడగొంతు.

ప్లానుగారి ఒళ్లు పులకరించింది. వ్యూహ మందిరం అనే కొత్త మీటింగు హాలుకి గురువారం జరగబోయే ప్రారంభోత్సవానికి తాను రాసుకున్న ఉపన్యాసాన్ని ఆయన శనివారమే ఆస్పత్రిలోని అన్ని విభాగాలకూ పంపించాడు. సోమవారం పొద్దున పది దాటినా ఒక్కరూ బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు. ఆ ఆస్పత్రిలో కాగితానికి జరిగే పరమ మర్యాద అది: చదవకుండా భద్రపరచడం. ఇన్నాళ్లకి ఒక్క ప్రాణి చదివింది, చదివి కదిలిపోయింది, కదిలిపోయి ఫోను చేసింది.

"చాలా సంతోషమమ్మా. కొంచెం తడి ఉండాలనే రాశాను. మరీ పొడిపొడిగా ఉంటే ఎవరు వింటారు చెప్పండి?"

అవతల గొంతు పెరిగింది. "కావాలనే తడిపారా?"

"కావాలనే. ముఖ్యంగా చివర్లో. అక్కడ మనుషులు కరిగిపోవాలి."

"కరగడం సంగతి తర్వాత, ఇక్కడ కోయడం ఆగిపోయింది! మాటలు కాదండీ మహానుభావా, మూటలు! మూ-ట-లు! ఆపరేషన్ థియేటర్ హెడ్ సిస్టర్‌ని మాట్లాడుతున్నా. పొద్దున్నుంచి నాలుగు మూటలు విప్పాం, నాలుగూ తడే. ఏ అడ్డంకి వచ్చినా పావుగంటలో ప్రణాళికా విభాగానికి తెలియజేయాలని మీ పుస్తకంలో మీరే రాశారుగా? తెలియజేశాను. ఇక మీ ఇష్టం." ఫోను పెట్టేసింది.

మూట అంటే అక్కడ చిన్న మాట కాదు. ఒక ఆపరేషన్‌కి కావలసిన కత్తులు, కత్తెరలు, పట్టకార్లు, గౌన్లు, దుప్పట్లు అన్నీ వరసగా పేర్చి, రెండు పొరల గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు చచ్చేదాకా ఉడికిస్తారు. థియేటర్లో విప్పేసరికి మూట లోపల గంజి పెట్టిన చొక్కాలా పొడిగా ఉండాలి. పొడిగుడ్డ క్రిమికి గోడ, తడిగుడ్డ వంతెన. చెమ్మ తగిలిందంటే ఆ మూట మొత్తం వెనక్కి పోవలసిందే.

ప్లానుగారు ఉపన్యాసం కాగితాలు బల్ల మీదే వదిలేసి మెట్లు దిగాడు.

ఆయనకి అసలు పేరు ఒకటి ఉంది, గది తలుపు మీద ఇత్తడి పలక మీద చెక్కించి ఉంది. దాన్ని చదివినవాళ్లు లేరు. రెండువందల పన్నెండు పేజీల 'అయిదేళ్ల వ్యూహ ప్రణాళిక' రాసినప్పటినుంచి పెద్దడాక్టరు దగ్గర నుంచి గేటు దగ్గర మనిషి దాకా అందరికీ ఆయన ప్లానుగారే. కొందరు గిట్టనివాళ్లు వ్యూహంలో వత్తులన్నీ తీసేసి 'ఊహల పుస్తకం' అనేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు. నలభై ఏడు విభాగాలున్న ఆస్పత్రిలో ఎడమచెయ్యి చేసేది కుడిచేతికి తెలియాలంటే ఎవడో ఒకడు కూర్చుని ముందుచూపుతో రాయాలి కదా. ఆ మాట నిజమే. ఆయన నమ్మిందీ అదే.

థియేటర్ ముందు నడవాలో నాలుగు స్ట్రెచర్లు వరసగా ఉన్నాయి. మొదటిదాని మీద ఒక సన్నటి మనిషి మోచేతుల మీద లేచి కూర్చుని ఉన్నాడు. వృత్తికి దర్జీ, వచ్చింది హెర్నియా ఆపరేషన్‌కి. నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"మీరేనా పెద్దాయన?" అన్నాడు ప్లానుగారిని చూసి.

"కాదండీ, నేను ప్రణాళిక..."

"అయితే మీరే. బాబూ, ముప్ఫయ్యేళ్లుగా బట్టలు కుడుతున్నా. రేపు రా, ఎల్లుండి రా అని జనాన్ని తిప్పడంలో నన్ను మించినవాడు లేడనుకున్నా. మీ కాళ్లకి దణ్ణం పెట్టాలి. మేం చొక్కానే వాయిదా వేస్తాం, మీరు పొట్టని వాయిదా వేస్తున్నారు."

పక్కన నిలబడ్డ అతని భార్య "ఊరుకోండి, కుట్లు వేసేది వాళ్లే," అని మోచేత్తో పొడిచింది. ప్లానుగారు నవ్వడానికి ప్రయత్నించి, నవ్వు సగంలో దొరక్క లోపలికి నడిచాడు.

హెడ్ సిస్టర్ బల్ల మీద విప్పిన మూట చూపించింది. ఆకుపచ్చ గుడ్డ మడతల్లో ముదురు మచ్చలు. "తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లని చూశాం గానీ, తడిగుడ్డ వల్ల కోత ఆగిపోవడం ఇదే చూడ్డం," అంది. "ఇరవయ్యేళ్ల సర్వీసులో, ఆవిరి విభాగం చూసే ఆవిరమ్మ దగ్గర్నుంచి ఒక్క మూట తడిగా రాలేదు. ఇవాళ పొద్దున నాలుగు."

పెద్దడాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎనిమిది ఆపరేషన్లు ఆగాయి. ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి. ప్లానుగారూ, మీకే విభాగంతోనూ చుట్టరికం లేదు, పక్షపాతం ఉండదు. విచారణ మీరు చెయ్యండి. గురువారం మీ కొత్త మందిరంలో మొదటి మీటింగు కదా, మొదటి అంశంగా మీ నివేదికే పెడదాం. ఆవిరి విభాగంలో నిర్లక్ష్యం జరిగుంటే ఆవిణ్ణి అక్కడ్నుంచి తీసేసి పాత రికార్డుల గదికి పంపించేద్దాం."

"అలాగే సార్," అన్నాడు ప్లానుగారు.

మంగళవారం పొద్దున ఏడింటికి ఆయన ఆవిరి విభాగానికి వెళ్లాడు. పొద్దునపూట ఆ గడప తొక్కడం అదే మొదలు.

లోపల మూడు యంత్రాలు గోడకి వీపు ఆన్చి మూడు ఏనుగుల్లా బుసకొడుతున్నాయి. ఆవిరమ్మ కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని మధ్యదాని తలుపు దగ్గర చెవి ఒగ్గి నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు, గాజులు వేసుకున్నట్టు వరసగా.

"ఉండండి సార్, నడిపోడు ఊపిరి వదుల్తున్నాడు," అంది తల తిప్పకుండా. యంత్రాలకి ఆవిడ పెట్టుకున్న పేర్లవి: పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. బుస తగ్గింది. ఆవిడ పిడి తిప్పి, తలుపుని నాలుగు వేళ్ల సందు మాత్రం తెరిచి ఆపేసింది. తెల్లటి ఆవిరి సన్నగా పైకి పాకింది.

"మొత్తం తియ్యరా?"

"ఎండలోంచి వచ్చినవాడి మీద చన్నీళ్లు పోస్తామా సార్? పదినిమిషాలు అట్లా ఉండాలి. తర్వాత బండి బయటికి లాగి, గంటసేపు ముట్టుకోకుండా వదిలెయ్యాలి. వేడి మూటని చేత్తో పట్టుకున్నా, చల్లటి ఇనుము మీద పెట్టినా, మూత వేసి బంధించినా దానికి చెమట పడుతుంది. పైకి కనబడదు. విప్పితే లోపల తడి." చెయ్యి తిప్పి వేళ్ల వెనకభాగాన్ని మూటకి జానెడు దూరంలో పెట్టి చూసింది, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. "గంట. అంతకు తక్కువ ఒప్పుకోదు."

"మరి నిన్న..."

"నిన్న గంట ఎక్కడ పెట్టను సార్? గది పోయిందిగా."

ప్లానుగారు పక్కగోడ వైపు చూశాడు. అక్కడ ఉండే తలుపుకి ఇప్పుడు ఇటుకలు కట్టి సున్నం వేశారు. దాని అవతల, థియేటర్ నడవాలోంచి దారి తీసి, ఇరవైనాలుగు కుర్చీలు, అద్దంలాంటి బల్ల, రెండు ఏసీలతో మెరిసిపోతోంది వ్యూహ మందిరం.

"గది పోయిందగ్గర్నుంచీ నడవాలో పెట్టి చల్లార్చాను," అంది ఆవిరమ్మ. "శనివారం సాయంత్రం శుభ్రత వాళ్లొచ్చి బండ్లు లాక్కెళ్లారు. నడవాల్లో ఏ వస్తువూ ఉంచకూడదని పద్నాలుగో నిబంధనట. ఎవరు పెట్టారో గానీ మంచి నిబంధనే, కాదనను. నడవా ఖాళీగా ఉండాలి. కానీ మూటలు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా? అందుకని ఆదివారం రాత్రి డ్యూటీ వాళ్లు వేడివేడిగా బీరువాలో పెట్టి మూసేశారు. వాళ్లనేం అనగలం?"

ఎవరు పెట్టారో గానీ. ప్లానుగారు చొక్కా చేతి గుండీని విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

గోడకి ఒక నల్లబల్ల ఉంది. మూడు గళ్లు: ఇవాళ, రేపు, ఎల్లుండి. సుద్దముక్కతో ఆపరేషన్ల పేర్లు, వాటి ఎదురుగా ఏ మూట ఏ కొడుకు కడుపులోకి ఎన్నింటికి వెళ్లాలో బాణం గుర్తులు. చిన్నోడి ఎదురుగా మాత్రం ఏమీ లేదు, ఒక సున్నా తప్ప.

"ఇదేంటి, వీడికి పని లేదా?"

"వీడికి పని లేకపోవడమే పని. అర్ధరాత్రో అపరాత్రో ప్రమాదం కేసు వస్తే వాణ్ణి లేపుతాం. చిన్నోణ్ణి ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, అదే నా ప్లాను. మీ అంత పెద్దది కాదులెండి," అని నవ్వింది.

తన పుస్తకంలో డెబ్భై ఒకటో పేజీ ప్లానుగారి కళ్ల ముందు నిలబడింది: 'మూడవ యంత్రం సామర్థ్యం సగానికి పైగా నిరుపయోగం, తొలగింపునకు సిఫారసు.' రంగుల పటం కూడా వేయించాడు. నిరుపయోగాన్ని ఎర్రరంగులో చూపించాడు.

"ఈ గది సంగతి మీరు ముందే ఎవరికైనా చెప్పాల్సింది కదమ్మా," అన్నాడు. అంటున్నప్పుడే ఆ మాట తన నోట్లోంచి కాక ఇంకెవరి నోట్లోంచో వచ్చినట్టనిపించింది.

"అయ్యో, చెప్పకపోవడమేంటి సార్? మీకే కదా రాశాను!" ఆవిరమ్మ సొరుగు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం బయటికి తీసింది. "మీరు జవాబు కూడా ఇచ్చారు. ఇంత పెద్ద ఆస్పత్రిలో నేను రాసినదానికి జవాబిచ్చింది మీరొక్కరే. మావాళ్లందరికీ చూపించాను. ఇంట్లో మా అల్లుడికీ చూపించాను. మా అత్తగారి మాటకి కూడా విలువుందే అన్నాడు వెధవ."

అచ్చు అక్షరాల్లో రెండు వాక్యాలు. 'మీ విలువైన సూచనకు కృతజ్ఞతలు. ఇది దీర్ఘకాలిక వ్యూహంలో తగిన సమయంలో పరిశీలించబడును.' కింద ఆయన సంతకం. ఆ రోజు అలాంటివి ముప్ఫై ఆరింటికి సంతకం పెట్టాడు, టీ చల్లారేలోపు. వచ్చిన ఉత్తరాల్లో ఒక్కటీ విప్పలేదు.

"పరిశీలిస్తున్నారు కాబోలు అని ఆగాను," అంది ఆవిరమ్మ. "మీకు తొందరపెట్టడం ఎందుకని."

ఆవిరి గది కదా, ప్లానుగారి ముఖం ఎందుకు ఎర్రబడిందో ఆవిడకి అనుమానం రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద ఆయన నివేదిక రాశాడు. నిజమే రాద్దామని కూర్చున్నాడు. మొదటి కాగితం మీద 'ఆ గదిని నేను' అని రాసి, కొట్టేశాడు. రెండో కాగితం మీద 'గదిని మా విభాగం' అని రాసి, చించేశాడు. మూడో కాగితం దానంతట అదే రాసుకుపోయింది. పెన్నుకి ఆ దారి బాగా అలవాటు.

ఆయన భార్య బడిలో పెద్ద పంతులమ్మ. పిల్లల దిద్దుబాట్లు ముగించి, అదే ఎర్రపెన్నుతో వచ్చి భుజం మీదుగా చదివింది.

"'స్థల వినియోగంలో సర్దుబాట్లు చేయబడినవి. సంబంధితులతో చర్చించబడినది. విభాగంలో నిర్ణీత సమయం పాటించబడలేదని గమనించబడినది.' ఏమండీ, ఇన్ని బడులు కట్టారు, ఒక్క బడిలోనూ పంతులు కనబడడేంటి?"

"ఆఫీసు భాష అంతే."

"చర్చించింది ఎవరు?"

"సంబంధితులు."

"ఎవరితో?"

ఆయన కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. "మా నాలుగో తరగతిలో ఒకడున్నాడు. కిటికీ అద్దం పగిలితే 'పగిలిపోయింది టీచర్' అంటాడు. బంతి ఎవరిదిరా అంటే 'దొర్లింది టీచర్' అంటాడు. వాడికి తొమ్మిదేళ్లు." అని, అన్నం వడ్డించింది. ఆ పూట మరేం మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆవిడ మౌనం అంటే ఎర్రపెన్ను కంటే ఎక్కువ మార్కులు కోసేది.

బుధవారం పదకొండింటికి తలుపు తోసుకుని ఆవిరమ్మే వచ్చింది. చేతిలో నివేదిక నకలు. నివేదికలో పేరున్న మనిషి 'చదివి తెలుసుకున్నాను' అని సంతకం చేయాలన్నది పద్ధతి. ఆ పద్ధతి పెట్టిందీ ఆయనే.

"కూర్చోండమ్మా."

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. కళ్లజోడు కిందికి దించి, వేలు పెట్టి చదవడానికి ప్రయత్నించి, ఆగింది. "సార్, పెద్ద తెలుగు కదా, నాకు కొంచెం కొరుకుడు పడలేదు. మెమో వస్తుందంటున్నారు మావాళ్లు. మెమో మేమో తేలక వాళ్లు హడలిపోతున్నారు. గది గురించి ఎక్కడ రాశారో కాస్త చూపిస్తారా?"

ప్లానుగారు వంగి చూశాడు. తన రాతలో తానే వెతుక్కున్నాడు. చివరికి రెండో పేరాలో వేలు ఆనించాడు. "ఇదిగో. 'స్థల వినియోగంలో సర్దుబాట్లు చేయబడినవి.'"

"అదేనా మా గది?"

"అదే."

"అంత పెద్ద గది ఇంత చిన్నదైపోయిందా?" అని ఆశ్చర్యంగా చూసింది. వెక్కిరింత లేదు. ఉంటే బాగుండును. "మరి ఇక్కడ 'చర్చించబడినది' అని ఉంది. ఎవరితో సార్?"

ప్రణాళిక ముప్ఫై ఎనిమిదో పేజీలో ఒక పట్టిక ఉంది. నలభై ఏడు విభాగాలు, ఎదురుగా తేదీ, సమయం, 'విభాగాధిపతితో చర్చ పూర్తి' అని టిక్కు. ఆవిరి విభాగం ఎదురుగా: సాయంత్రం నాలుగు. ఆ సాయంత్రం ఆయన నిజంగానే వెళ్లాడు. ఆవిరమ్మ డ్యూటీ మూడింటికే అయిపోతుంది. గదిలో ఎవరూ లేరు. ఖాళీ తీగ అరలు, తుడిచిన నేల, కిటికీలోంచి పడుతున్న ఎండ. టేపు తీసి కొలుచుకున్నాడు. ఎంత పొడుగు, ఎంత వెడల్పు! ఎంత వృథా! అనుకున్నాడు. టిక్కు పెట్టుకున్నాడు.

"అది... పద్ధతి ప్రకారం రాసేదమ్మా."

"ఓహో." ఆవిరమ్మ తల ఊపింది. కాసేపు కాగితం వైపు చూసి, పెన్ను అడిగి తీసుకుంది. "పెద్దపంతులు గారి దిద్దుబాటులా ఉంటుంది మీ రాత. మీరు రాశారంటే ఏదో ఆలోచించే రాసుంటారు. నాకు అన్యాయం జరగనివ్వరు." కింద సంతకం పెట్టింది, ఒక్కొక్క అక్షరాన్నీ మూట కట్టినట్టు జాగ్రత్తగా మడిచి. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. "దర్జీ ఆయన్ని ఇవాళ కూడా వెనక్కి పంపారట సార్. రేపు మళ్లీ పస్తు. పాపం, ముందు ఆయన మూట సంగతి చూడండి. నా సంగతి తర్వాత."

తలుపు మూసుకుంది. ప్లానుగారు ఆ సంతకం వైపు చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. మనిషి తిడితే తిరిగి తిట్టవచ్చు, లేదా తిట్టాడన్న కోపంతోనైనా బతకవచ్చు. నమ్మితే ఏం చేస్తాం? మధ్యాహ్నం భోజనానికి వెళ్లలేదు. నడవాలో ఎవరో నవ్వితే తన గురించే అనుకున్నాడు. తన గురించి కాదని తెలిశాక ఇంకా సిగ్గేసింది, ఎందుకంటే ఇంకా ఎవరికీ తెలియదన్నమాట.

గురువారం పొద్దున పదింటికి వ్యూహ మందిరం నిండిపోయింది. పువ్వులు, నీళ్ల సీసాలు, ఒక్కో కుర్చీ ముందు మెరిసే అట్టతో రెండువందల పన్నెండు పేజీలు. ఏసీల చలికి విభాగాధిపతులు చేతులు చంకల్లో దాచుకున్నారు. ఆవిరమ్మని గోడవారగా ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఇరవైనాలుగు మెత్తటి కుర్చీల ప్రణాళికలో ఆవిడకి లెక్క కట్టలేదు.

పెద్దడాక్టరు రిబ్బను కత్తిరించి, "శుభకార్యం ముందు చేదు పని ముగించేద్దాం," అన్నాడు. "నివేదిక చదవండి ప్లానుగారూ."

ప్లానుగారు లేచాడు. కాగితం చేతిలో ఉంది. గొంతు సవరించుకున్నాడు. తల ఎత్తితే ఎదురుగా ఆవిరమ్మ. కళ్లజోడు కిందికి దించుకుని, తన కోసం మంచిమాట చదవబోతున్నారని వినడానికి సిద్ధంగా, ముందుకు వంగి కూర్చుంది.

ఆయన కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మా, ఇవాళ్టి మొదటి విడత మూటలు ఎక్కడున్నాయి?"

"పెద్దోడి ముందు బండి మీద ఉన్నాయి సార్. ఇందాకే బయటికి లాగి వచ్చాను. ఎక్కడ పెట్టాలో తెలీక..."

"ఇక్కడికి తీసుకురండి."

గదిలో గుసగుసలు లేచాయి. పెద్దడాక్టరు కనుబొమలు పైకి వెళ్లాయి. ఆవిరమ్మ ఒకసారి ఆయన్ని, ఒకసారి ఈయన్ని చూసి, లేచి వెళ్లింది. అయిదు నిమిషాలకి రబ్బరు చక్రాల చప్పుడు. తలుపులో బండి నిలబడింది, మీద పదహారు మూటలు, వాటి చుట్టూ గాలి సన్నగా వణుకుతోంది.

ఆవిరమ్మ గడప దాటలేదు. గది అంతా ఒక చూపు చూసింది. అప్పుడు ఆవిడ గొంతు మారింది, తన గదిలో తాను మాట్లాడే గొంతు.

"ముందు ఆ చలి ఆపండి. వేడి మూటకి చలిగాలి తగలకూడదు."

ఎవరో గభాల్న లేచి ఏసీలు ఆపారు.

"ఆ పువ్వులు తియ్యండి. నీళ్ల సీసాలు తియ్యండి. ఇంతమంది ఊపిరి మధ్య నా మూటలు పెట్టను. అందరూ బయటికి దయచెయ్యండి."

"అందరూనా?" అన్నాడు పెద్దడాక్టరు.

"మీరు కూడా సార్. గంటసేపు."

హెడ్ సిస్టర్ మొదట లేచింది. ఆవిడ లేచాక మిగతావాళ్లు లేవక తప్పలేదు. ఇరవైనాలుగు మంది వ్యూహకర్తలు తమ తమ రెండువందల పన్నెండు పేజీలూ చంకన పెట్టుకుని నడవాలోకి వచ్చి నిలబడ్డారు. అక్కడ అప్పటికే స్ట్రెచర్లు, వాటి పక్కన రోగుల వాళ్లు ఉన్నారు. దర్జీ మోచేతుల మీద లేచి, "ఇదేంటి, డాక్టర్లకి కూడా వాయిదానా?" అన్నాడు. భార్య అతని నోరు మూసింది.

"ఇప్పుడైనా చెప్తారా, ఏం జరుగుతోంది?" అన్నాడు పెద్దడాక్టరు.

ప్లానుగారు గోడకి ఆనుకోబోయి, మానుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"నివేదిక తప్పు సార్. ఆవిరి విభాగంలో నిర్లక్ష్యం లేదు. మనం ఇప్పుడు బయటికొచ్చిన గది మూటలు చల్లార్చుకునే గది. దాన్ని తీసుకుని మందిరం చేయమన్నది నేను. నడవాల్లో పెట్టకూడదని రాసింది నేను. పోవడానికి చోటు లేకుండా రెండు వైపులా నేనే కట్టేసి, తడి ఎక్కడ్నుంచి వచ్చిందని విచారణ చేసిందీ నేనే."

"గది మాయం చేసి, పైగా గదమాయింపా!" అంది హెడ్ సిస్టర్, అందరికీ వినబడేలా.

పెద్దడాక్టరు చుట్టూ చూశాడు. రోగుల వాళ్లు వింటున్నారు. ఆయన గొంతు తగ్గించాడు. "సరే సరే. పెద్ద సంస్థల్లో ఇలాంటివి మామూలే. సమాచార లోపం. అలా రాసుకుందాం. మీ నిజాయితీకి..."

"లోపం కాదు సార్." ప్లానుగారి చెవులు కాలిపోతున్నాయి. ఇక్కడ ఆగిపోవచ్చు. ఆగితే చప్పట్లు కూడా పడేలా ఉన్నాయి. "సమాచారం వచ్చింది. ఆవిడ ఉత్తరం రాశారు. నేను చదవలేదు. చదవకుండానే జవాబిచ్చాను. ఆవిడతో చర్చించినట్టు పట్టికలో టిక్కు పెట్టాను. చర్చించలేదు. ఆవిణ్ణి చూడనే లేదు."

మందిరం తలుపు సందులోంచి, నాలుగు వేళ్ల వెడల్పున, ఆవిరమ్మ ముఖం కనబడింది. ఆవిడ అంతా వింది. గది గురించి విన్నప్పుడు కదలని ఆ ముఖం, ఉత్తరం మాట దగ్గర కదిలింది. కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, అది మళ్లీ పెట్టుకోకుండా తలుపు పక్కకి తప్పుకుంది. ప్లానుగారు ఆ ఖాళీ సందు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇంతమంది ముందు చెప్పడం కష్టమనుకున్నాడు గానీ, అసలు కష్టం ఆ ఒక్క మనిషి వినడమని ఆయనకి అప్పుడు తెలిసింది.

ఒక పెద్దాయన, రోగి తండ్రి కాబోలు, తనలో తాను, "చదవకుండా జవాబెలా ఇస్తార్రా?" అన్నాడు.

గడియారం ముల్లు తిరుగుతోంది. కుర్చీలు లేవు. విభాగాధిపతులు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నారు. మందుల విభాగం ఆయన మెల్లగా తన పుస్తకంలో ముప్ఫై ఎనిమిదో పేజీ తీసి చూసి, "నా దగ్గరికీ రాలేదుగా మీరు," అన్నాడు. ప్లానుగారు "రాలేదండీ," అన్నాడు. లాండ్రీ ఆవిడా పేజీ తీసింది. "మీ దగ్గరికి వచ్చాను, కానీ మధ్యలో లేచి వెళ్లాను," అన్నాడు ప్లానుగారు. అలా ఒక్కొక్కరూ తీశారు. ఒక్కొక్కరికీ ఆయన చెప్పాడు. ఆ గంటలో ఆస్పత్రి మొత్తానికి మొట్టమొదటిసారి ప్రణాళిక చదివించగలిగాడు.

గంట అయింది. తలుపు తెరుచుకుంది. ఆవిరమ్మ బయటికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, హెడ్ సిస్టర్‌కి ఒక మూట అందించింది. సిస్టర్ థియేటర్లోకి తీసుకెళ్లి, రెండు నిమిషాల్లో గుమ్మంలోకి వచ్చి చెప్పింది: "పొడి."

దర్జీ స్ట్రెచర్ కదిలింది. చక్రాల చప్పుడు థియేటర్ లోపలికి వెళ్లిపోయింది.

"ఆవిడ బదిలీ లేదు," అన్నాడు పెద్దడాక్టరు. "గది ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యండి. మీ సంగతి రేపు నా గదిలో మాట్లాడదాం. కానీ నాకొకటి అర్థం కావడం లేదు ప్లానుగారూ. మీరు తెలివితక్కువవారు కాదు. టేపు పట్టుకుని వెళ్లి కొలిచి మరీ వచ్చారు. అసలు ఆ గదిలో ఏం చూశారు?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆవిరమ్మ కూడా, అప్పుడే మొదటిసారి.

"ఏమీ చూడలేదు సార్," అన్నాడు ప్లానుగారు, నేల వైపు చూస్తూ. "నేను వెళ్లింది సాయంత్రం నాలుగింటికి. అప్పటికి వాళ్ల పని అయిపోయింది. పని అయిపోయిన గదిని, పని లేని గది అనుకున్నాను."

"గట్టిగా చెప్పండి సార్," అంది ఆవిరమ్మ. కోపం లేదు, జాలి లేదు. యంత్రం పిడి ఎటు తిప్పాలో కొత్తవాళ్లకి చెప్పే గొంతు. "వెనక మావాళ్లు నిలబడ్డారు. రాత్రి డ్యూటీ వాళ్లు. తప్పు తమదేనేమో అని మూడ్రోజులుగా అన్నం తినడం లేదు. వాళ్లకి వినపడలేదు."

ప్లానుగారు తల ఎత్తాడు. నడవా చివర ఆకుపచ్చ టోపీలతో నలుగురు నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ల దాకా నడిచి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి, పెద్దగా, చెప్పడం మొదలుపెట్టాడు.